కౌంటీకి సముద్రం

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే నాంచారయ్యకి ఒక చెవి బీడీ పెట్టుకోవడానికి, రెండోది ఎదుటివాళ్ళ మాట వదిలెయ్యడానికి. టేకు చెక్కని పాదాలతో నొక్కిపట్టి చెక్కుతూ, చెక్కపొడిని ఉఫ్ఫుమని వచ్చినవాడి మొహం మీదికే ఊదుతాడు. అమెరికాలో ఏదో కౌంటీకి నూట యాభై ఏళ్ళు నిండాయట. దాని పటం అచ్చేసిన దుప్పట్లు కావాలని షాపు ఓనరు జయప్రకాష్ ఆర్డరు తెచ్చాడు. ఏరు, మొక్కజొన్న చేలు, మొదట్నుంచీ అక్కడున్న తెగల గుడిసెలు, తర్వాత దిగిన జర్మన్ రైతుల చర్చి, అన్నీ ముచ్చటగా చెక్కాడు. ఏటి చివర సముద్రం కూడా పెట్టి, అందులో పడవ వదిలాడు.

“బాబాయ్, అక్కణ్ణించి సముద్రం వెయ్యి మైళ్ళు!” జయప్రకాష్ నెత్తి బాదుకున్నాడు.

“మరి ఆ నీళ్ళెటు పోతాయి బాబూ? పక్క కౌంటీ వాళ్ళ చేల మీదికి వదిలితే తలకాయలు పగలవూ?”

నాలుగు తిట్లు తిన్నాక అలలన్నీ ఉలితో తీసేశాడు. పడవ మాత్రం మొక్కజొన్న చేలోకి ఎక్కినట్టు అలాగే ఉంది.

“అదీ తీసెయ్ బాబాయ్. చేలో పడవేంటి?”

నాంచారయ్య ఈసారి చెక్కపొడిని పక్కకి ఊదాడు.

“మాది దివిసీమ కదా బాబూ. డెబ్బై ఏడు ఉప్పెనకి కొట్టుకుపోయిన మా పడవ మా వరిచేలోనే దొరికింది. మా నాన్నే ఇంకా రాలేదు.”