దూడ వాటా

ఇరవై ఏళ్ల కిందట సెలవు పెట్టి అరకు చూడబోయాను. అనంతగిరి సంతకెళ్లే జీపులో కోళ్లకీ బస్తాలకీ మధ్య ఇరుక్కున్నాను. పక్కన కొండ మీది ముసలమ్మ, ఆమె పక్కన నెలలు నిండుతున్న కోడలు. ఆ పిల్ల పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేను గుంటూరులో నర్సుని. సెలవు నాకే గానీ నా నోటికి కాదు.

“రోజూ రెండు గ్లాసుల పాలు తాగమ్మా, బలం,” అన్నాను. కోడలు బుద్ధిగా తలూపింది.

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “మీకాడ ఆవుపాలు మనుసులు తాగుతారా?”

“తాగుతాం.”

“మరి దూడ ఏటి తాగుతాది?”

పదిహేనేళ్ల సర్వీసులో నన్నెవరూ అడగని ప్రశ్న అది. వాళ్ల ఊళ్లో ఆవుని పితకరట. పాలు దూడవి.

“ఆస్పత్రి సిస్టరమ్మ కూడా ఇలాగే సెప్పింది. తాగనేదని తిట్టింది. ఈ గుంట మరి ఎల్లడమే మానేసింది,” అంది కోడల్ని చూపిస్తూ.

మొదటే అడగాల్సింది అప్పుడడిగాను. “ఇంట్లో ఏం తింటారు?”

చోడి అంబలి, అదే మా రాగి జావ, అడవిలో దొరికే ఆకుకూరలు అన్నారు. నా డైరీలోంచి కాగితం చింపి రాశాను: ‘సిస్టర్ గారికి, ఈమెకు పాలు అలవాటు లేదు. అంబలి, ఆకుకూరలు తింటుంది. రక్తం మాత్రలివ్వండి.’

కోడలు మొదటిసారి నోరు విప్పింది. “ఇది సూపిత్తే తిట్టరా?”

“తిట్టరు. రేపే వెళ్లు.”

కాగితం మడిచి కొంగున కట్టుకుంది. ముసలమ్మ ఎండిన సొరకాయ బుర్రలోంచి అంబలి ఆకుదొన్నెలో వంచి నా చేతికిచ్చింది.

“తాగు. ఇది ఏ దూడదీ కాదు.”