అత్తగారి ఉమ్మి

మా ద్వీపంలోని తుష్నాబాద్‌కు సముద్రం అవతల మెయిన్‌లాండ్ నుంచి కొందరు పరిశోధకులు వచ్చి మనుషుల ఉమ్మి సేకరించారు. ఏ ప్రాంతం వాళ్ల జన్యువుల్లో ఎంత తేడా ఉంటుందో పోల్చి చూస్తారట. ఈ ద్వీపాల్లో పుట్టిన తెలుగువాళ్లవీ కావాలన్నారు. మా అత్తగారు ఇక్కడే పుట్టారు. ఆవిడ తల్లిదండ్రులు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. అందరితోపాటు ఆవిడా పంచాయతీ హాలుకు వెళ్లి చిన్న గొట్టంలో ఉమ్మి ఇచ్చి వచ్చారు.

కొన్నాళ్లకు ఆ బృందంలోని తెలుగమ్మాయి మా ఇంటికి ఫోన్ చేసి, అత్తగారిది మళ్లీ కావాలి, రేపు వస్తానంది. మా వీధిలో ఇంకెవరినీ అడగలేదు.

ఇంట్లో అనుమానం మొదలైంది. మీ అమ్మ వాళ్లది ఏ ఊరన్నావు అని మామగారు అత్తగారిని అడిగారు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆయనకు ఆ సందేహం రావడం ఆవిడకు గుచ్చుకుంది. ఫీనిక్స్ బే జెట్టీలో పనిచేసే మా ఆయన, ఏదో జబ్బు బయటపడి ఉంటుంది, దాస్తున్నారన్నారు. నాకూ అలాగే అనిపించింది.

మర్నాడు అమ్మాయి వస్తే అత్తగారు కూర్చోమని కూడా అనలేదు. మొదటిసారి ఆవిడ కిళ్లీ నములుతూ ఇచ్చారనీ, అందుకే అది పనికిరాలేదనీ అమ్మాయి చెప్పింది. ఆవిడ నోట్లో కిళ్లీ లేని ఘడియ నాకూ గుర్తులేదు. అయినా మేమెవరం నమ్మలేదు. మా ఆవిడది వేరే జాతని తేలిందా అని మామగారు నేరుగా అడిగేశారు. దీంతో ఎవరి జాతీ తేలదనీ, మనుషుల మధ్య తేడాల్లో ఎక్కువ భాగం ఒకే ఊరివాళ్ల మధ్యే కనిపిస్తుందనీ, ఊరికీ ఊరికీ మధ్య ఉండేది కొంచెమేననీ ఆమె ఓపిగ్గా చెప్పింది.

"మరి మా ఉమ్మేటికి? మీ వీధిలో మనుషుల్లేరేటి?" అన్నారు అత్తగారు. "నీదిచ్చావా బేటీ?"

ఇవ్వలేదంది అమ్మాయి.

"ముందు నువ్వియ్యి. అప్పుడు నానిస్తాను."

అమ్మాయి సంచిలోంచి ఇంకో గొట్టం తీసి మా ఎదుటే ఉమ్మింది. అత్తగారు నోరు పుక్కిలించి, ఆమె చెప్పినంతసేపు ఏమీ తినకుండా కూర్చుని, తనదిచ్చారు. తారుమారు చేస్తారేమోనని తన గొట్టానికి ఎర్రదారం కట్టారు.

విడిగా ఎవరి ఫలితమూ చెప్పరని అమ్మాయి వెళ్తూ అంది. మాకేమీ రాలేదు. మామగారు జాతి మాట మళ్లీ ఎత్తలేదు. ఆయనకు వాళ్లు చాటుగా ఫోన్‌లో ఏదో చెప్పే ఉంటారని అత్తగారి నమ్మకం. ఆయన ఫోన్ మోగితే కూర కలపడం ఆపి వింటారు.