నేను నేసుకున్న కట్టు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఒక సాయంత్రం మగ్గం గుంటలోంచి లేవబోతే ఎడమ కాలు నా మాట వినలేదు. తిమ్మిరి కాదు, తడి ఇసుక మూట కట్టినంత బరువు. పంచె ఎత్తి చూసుకుంటే పిక్క మీద నీలం నరాలు మెలికలు తిరిగి ఉబ్బి ఉన్నాయి. మాది కొత్తచెరువు దగ్గర పల్లె. వానల్లేక చేలు ఎండిపోయిన ఏళ్ళలో కూడా మా ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆ మగ్గమే. పొద్దస్తమానం గుంటలో కాళ్ళు వేలాడేసి పలకలు తొక్కేవాడికి నరాలు లేవక ఏం చేస్తాయిలే అనుకున్నాను. మా నాయనకూ అలాగే ఉండేవి.

చీలమండ దగ్గర చర్మం నల్లబడి దురద మొదలయ్యాక, నా భార్య లక్ష్మమ్మ పోరు పడలేక అనంతపురం ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు నన్ను పడుకోబెట్టి, కాలు పైకెత్తి, తొడకు రబ్బరు ట్యూబు బిగించి నిలబెట్టాడు. ట్యూబు వదలగానే నరాలు పైనుంచి కిందికి నిండడం నా కళ్ళతో చూశాను. వేరికోస్ వీన్స్ అన్నాడు. నెత్తురు కిందికి జారకుండా ఆపే వాల్వులు లోపల చెడ్డాయట, ఆపరేషన్ చేస్తే మేలట. అందాకా క్రేప్ బ్యాండేజీ కొని, రోజూ మంచం దిగకముందే కాలివేళ్ళ నుంచి మోకాలి దాకా చుట్టుకోమన్నాడు.

ఆపరేషన్ మాట విననట్టే లేచి వచ్చేశాను. మందుల షాపులో ఆ బ్యాండేజీని వేళ్ళతో తడిమి చూస్తే నవ్వొచ్చింది. పలచటి నేత, ముడతల నూలు. కొనకుండానే బస్సెక్కాను.

"నేసేవానికే గుడ్డ అమ్మజూస్తాండారు. ఇంతకన్నా గట్టిది నేనే నేసుకుంటా," అన్నాను లక్ష్మమ్మతో.

నేశాను కూడా. మేలైన నూలు, ఒత్తు నేత, పైన గంజి. ఇరుగుపొరుగుకు చూపించి మురిసిపోయాను. నరాలు ఎక్కువగా ఉబ్బింది మోకాలి కింద కాబట్టి అక్కడే బిగించి కట్టి గుంటలో దిగేవాణ్ణి. పాదం వాచింది. కట్టు చాలలేదనుకుని ఇంకా బిగించాను. చీలమండ పైన పొక్కు లేచి, చితికి, పుండైంది. వాసన వచ్చేదాకా పసుపు అద్దుతూ కాలం గడిపాను.

మళ్ళీ అదే డాక్టరు. అల్సర్ అన్నాడు. నా కట్టు విప్పి రెండు చేతులా లాగి చూశాడు.

"నేత బాగుంది. కానీ క్రేప్ సాగుతుంది, ఇది సాగదు. కాలికి నువ్వే ఉరి బిగించుకున్నావు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన మెల్లగా అన్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

వార్డులో నా కాళ్ళ వైపు మంచం కింద ఇటుకలు పెట్టి, ఎత్తు చేసి పడుకోబెట్టారు. పుండు తగ్గాక గజ్జల దగ్గర నరం కట్టేసి, చెడిన నరాన్ని లాగేశారు. దాన్ని స్ట్రిప్పింగ్ అంటారు. మిగిలిన చిన్న నరాలకు ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు బాగానే ఉన్నాను. అంతలో పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. చీరలు అడిగేవాళ్ళకు లేదనలేక గుంటలో దిగాను. పుండు అదే చోట మళ్ళీ నోరు తెరిచింది.

కాలు కావాలో గుంట కావాలో తేల్చుకోమన్నాడు డాక్టరు. తేల్చింది మాత్రం లక్ష్మమ్మ.

"నువ్వు పైన కూచోని కండెలు చుట్టు. మగ్గం నేను నేస్తా."

పుండు మాని చాలా కాలమైంది. ఇప్పుడు ఆ షాపు బ్యాండేజీ చుట్టుకునే మంచం దిగుతున్నాను. నూలు కండెలకు చుడుతూ, ఆమె పలకలు తొక్కే చప్పుడు వింటుంటాను. అది నా చోటు. డాక్టరు మాట మొదటే విని ఉంటే పుండు పడేది కాదు, నేను అక్కడే ఉండేవాణ్ణేమో. ఆ బాధ ఇంకా పోలేదు.

కూర్చుని గానీ నిలబడి గానీ రోజంతా పనిచేసేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. నరాలు ఉబ్బినప్పుడే చూపించుకోండి, పుండు పడేదాకా ఆగకండి. కట్టు డాక్టరు చెప్పిందే కట్టండి, ఆయన చెప్పినట్టే కట్టండి.

రోజూ పని ముగియగానే లక్ష్మమ్మను పడుకోబెట్టి, కాళ్ళ కింద చాప చుట్ట పెట్టి, పిక్కలు చూస్తాను. ఆమె విసుక్కుంటుంది. మొన్న కుడి పిక్క మీద సన్నగా ఒక నీలం నరం కనిపించింది. నొప్పేమీ లేదంటోంది. రేపు పొద్దున బస్సుకే ఆమెను అనంతపురం తీసుకుపోతున్నాను.