మాట వచ్చేదాకా

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో ఎండాకాలం. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి పై అంతస్తులో, ఫిజియోథెరపీ హాలు పక్కన నాకొక చిన్న గది ఉండేది. నేను స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పడం నా పని. చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. జనం అనుకునేంత ఓపికగల మనిషినేం కాదు. ఉన్న ఓపికంతా ఆ గదిలోనే ఖర్చయిపోయి, ఇంటికెళ్ళాక మా వాళ్ళ మీద అరుస్తూ ఉంటాను.

ఆ ఏప్రిల్లో నల్లపాడు అవతలి పల్లె నుంచి కోటేశ్వరరావు గారిని తీసుకొచ్చారు. మిర్చి రైతు. వయసు అరవై లోపే. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. దీన్ని మేం ఎఫేసియా అంటాం. మతి బాగానే ఉంటుంది, ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, చెప్పాల్సింది లోపల సిద్ధంగానే ఉంటుంది, నోటికి మాత్రం రాదు. విచిత్రమేమంటే తిట్లూ, అంకెలూ, పాటలూ ముందు వచ్చేస్తాయి. ఈయన నా గదిలో పలికిన మొదటి మాట "ఒరేయ్". చక్రాల కుర్చీని గడపకు తగిలించిన మనిషిని చూసి అన్నారు. నాకు నవ్వొచ్చింది. వెనక నిలబడ్డ ఆయన భార్య నవ్వలేదు.

ఆవిడ పేరు సామ్రాజ్యం. కల్లంలో పని ముగించుకుని నేరుగా వచ్చేదేమో, ఆవిడ చీరలోని మిరప ఘాటుకి గదిలో ఉన్నవాళ్ళమంతా తుమ్మేవాళ్ళం.

మాట పోయినవాళ్ళకి మొదటి కొన్ని నెలలే కీలకం. ఆసుపత్రిలో నేను చేయించేది కొంతే, ఇంట్లో రోజూ చేయించాల్సింది ఎక్కువ. దాన్ని హోమ్ ప్రోగ్రామ్ అంటాం. వస్తువు చూపించి పేరు అడగాలి. రాకపోతే మొదటి అక్షరం అందించాలి. ఆ అందించడాన్ని క్యూ అంటాం. చాలా ఇళ్ళలో వారం తిరక్కుండానే మానేస్తారు. నేను తప్పుపట్టను. మంచం పక్కన కూర్చుని "నీ... నీ..." అంటూ "నీళ్ళు" అనే ఒక్క మాట రాబట్టడం ఎంత విసుగో నాకు తెలుసు.

సామ్రాజ్యం గారు మానలేదు. నా బొమ్మల కార్డులు పక్కన పడేసి, ఇంట్లోంచి మిరపకాయ, తాళంచెవి, చెంబు, ఆయన లుంగీ సంచిలో వేసుకొచ్చేది. నీళ్ళు, అన్నం, టీ, బాత్రూము, నొప్పి, చాలు. ఈ మాటలే ముందు కావాలని పట్టుబట్టింది. మనుషుల పేర్లు తర్వాత చూద్దాంలే అంది. జూన్ వచ్చేసరికి ఆయనకి వాటిలో చాలామటుకు వచ్చాయి. నేను మురిసిపోయి, ఒకరోజు హాల్లో మిగతా పేషెంట్ల వాళ్ళ ముందు అనేశాను, "ఈవిణ్ణి చూసి నేర్చుకోండి. భర్త మీద ప్రేమంటే ఇదీ" అని.

ఆవిడ నన్ను గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"అట్టా అనమాకండి మేడం. నాకు సిగ్గుగా ఉంది."

"ఏమైందండీ?"

"నేను బట్టలు సర్దుకున్నానండి, పొదిలిలో మా అక్క దగ్గరికి పోదామని. ఆ వారంలోనే ఈయన పడిపోయాడు. నోట మాట లేని మనిషిని వదిలేసి ఎట్టా పోతాను? దాహమేసినా అడగలేడు. తనకి కావాల్సింది తను అడిగే పాటి మాట వస్తే చాలు. నేను పోతాను. మా అక్కకీ రోజూ ఫోన్లో అదే చెబుతున్నా."

తాగుడా, కొట్టడమా అని అడిగాను.

"అయ్యేం లేవండి. ఏదన్నా చెప్పబోతే చాల్లే అన్నట్టు ఇట్టా చెయ్యి ఊపేవాడు. మా తమ్ముడు పోయినప్పుడూ అంతే. చెప్పీ చెప్పీ నేనే మానేశా. తర్వాత ఆయనా మానేశాడు. అన్నం పెట్టమనాలంటే హాల్లో కూర్చుని మంగళగిరిలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసేవాడు. అది ఆఫీసులో పని ఆపుకుని నాకు వంటింట్లోకి ఫోన్ చేసి, నాన్నకి ఆకలేస్తోందంట అమ్మా అనేది." కుడిచెయ్యి ఆయనలాగే ఊపి చూపించింది. "ఇప్పుడా చెయ్యి లేవట్లేదు. నాకు జాలిగానే ఉంది మేడం. జాలి తప్ప ఇంకేం లేదు."

ఆయనకి నేను నేర్పే ప్రతి మాటా ఆవిణ్ణి పొదిలి బస్సుకి దగ్గర చేస్తోందన్నమాట. అలాగని పని నెమ్మది చేయలేను కదా. ఆయనకి మాట తెప్పించడానికే నేనక్కడ ఉన్నాను.

జూలైలో ఆయన వెనకబడ్డారు. వచ్చిన మాటలు కూడా పోయాయి. "టీ" అనడానికి సైతం నోరు తెరిచి మూసేవారు. మళ్ళీ స్ట్రోక్ వచ్చిందేమోనని డాక్టరు గారు స్కాన్ తీయించారు. కొత్తగా ఏమీ లేదు. ఒకరోజు సామ్రాజ్యం గారు మందుల షాపుకి వెళ్ళింది. నేను అటు తిరిగి టీ తాగుతున్నాను.

"నాకూ... టీ," అన్నారాయన వెనకనుంచి. ఏ క్యూ అందించకుండానే, స్పష్టంగా.

ఆవిడ తిరిగి రాగానే కప్పు చూపించి ఇదేమిటని ఆయన్ని అడిగాను. నోరు విప్పలేదు. తల దించుకున్నారు. అప్పుడర్థమైంది నాకు. ఆవిడ ఇంట్లో అక్కతో ఫోన్లో మాట్లాడేదంతా ఆయన మంచం మీద నుంచి వింటూనే ఉండుంటారు. మాట వస్తే భార్య వెళ్ళిపోతుంది. అందుకని రానట్టే ఉంటున్నారు.

నాకు ఒళ్ళు మండింది. మరుసటిసారి ఆవిణ్ణి బయట కూర్చోమని తలుపు వేశాను.

"మీకు మాట వచ్చని నాకు తెలుసు. ఎందుకు దాస్తున్నారు?"

చాలాసేపు పెదాలు కదిలాయి. తలుపు వైపు చూశారు. "పో... పోద్ది," అన్నారు.

"ఇన్నేళ్ళూ మాట్లాడకుండానే కదండీ ఇక్కడిదాకా తెచ్చుకున్నారు. ఇప్పుడూ మాట్లాడకుండానే ఆపుదామనుకుంటున్నారా?"

పేషెంటుతో అలా మాట్లాడకూడదని మాకు చదువులో చెబుతారు. అప్పటికి నాకు చదువు గుర్తుకు రాలేదు. ఆయన ఎడం చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. ఆ పూట ఇంక ఏమీ చేయించలేదు.

తర్వాతి వారం ఎప్పటిలాగే ఆవిడ ఎదురుగా కూర్చుని చెంబు ఎత్తి చూపించింది. "ఇదేంటి? చెం..."

ఆయన చెంబు వైపు చూడలేదు. ఆవిడ ముఖంలోకి చూశారు.

"నీళ్ళు... నేను... అడుగుతా." ఒక్కో మాటకీ మెడ నరాలు ఉబ్బుతున్నాయి. "అలిసి... పోయావ్. నువ్వు... పో."

ఆవిడ చెంబు ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది. "ఇది మీరు నేర్పారా మేడం?"

"లేదండి. ఆయన మాటే."

ఇంక ఉండిపోతుందనుకున్నాను. అలా జరగాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను. ఆవిడ మాత్రం మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "నేను అలిసిపోతానని ఈయనకి తెలుసన్నమాట," అంది. ఆ గొంతులో కోపం లేదు, సంతోషం కూడా లేదు. చీర కొంగుతో ఆయన గడ్డం తుడిచి, వస్తువులన్నీ సంచిలో వేసుకుని లేచింది. ఆ నెల తిరక్కుండానే పొదిలి వెళ్ళిపోయింది.

తర్వాత కూతురు శిరీష సెలవు పెట్టుకుని తీసుకొచ్చేది. ఇంట్లో చూసుకోవడానికి ఒక మనిషిని కుదిర్చారు. అక్టోబరుకి ఆయనకి చిన్నచిన్న వాక్యాలు వచ్చాయి. ఇంక రానక్కర్లేదని చెప్పిన రోజు శిరీష అడిగింది, "నాన్నకి మాట వచ్చేసినట్టే కదా మేడం?"

"వచ్చేసినట్టేనమ్మా."

"వచ్చింది," అన్నారాయన. "ఎవరితో... మాట్లాడను?"

శిరీష ఆయన భుజం మీద చెయ్యి వేసింది. తర్వాతి పేషెంటు తలుపు దగ్గర కాచుకుని ఉన్నాడు.

ఆ కేసు తర్వాత నా పద్ధతిలో ఒక్కటే మారింది. కొత్త పేషెంటు రాగానే, హోమ్ ప్రోగ్రామ్ చెప్పకముందే, వెంట వచ్చిన భార్యనో భర్తనో పక్కకి పిలిచి, "ఇదివరకు మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళు?" అని అడుగుతాను. కొందరు టకటకా చెప్పేస్తారు. పిల్లల సంగతులు, మిర్చి రేటు, పక్కింటివాళ్ళ గొడవలు. కొందరు ఆలోచిస్తూ అలాగే ఉండిపోతారు. అప్పుడు నాకు నీరసం ముంచుకొస్తుంది. పడిపోయిన మాటని తిరిగి తెప్పించే విద్య నేర్చుకున్నాను. ముందునుంచీ లేని మాటని నేనెక్కణ్ణుంచి తేను?