మాస్టారు అన్నం మానేసిన మూడు రోజులు

మా బడిలో బెత్తం ఉండేది కాదు. ఈ మాట చెబితే ఇప్పటి వాళ్ళు "మీరు అదృష్టవంతులండీ" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. బెత్తం ఉంటే రెండు దెబ్బలు తిని, అరచేతులు పావడాకి రుద్దుకుని, సాయంత్రానికి మరిచిపోయేదాన్ని. ఇంత వయసొచ్చాక కూర్చుని ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

అవి ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులు. మాది కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరు. ఎనిమిదో తరగతి దాకా ఉన్న హయ్యర్ ఎలిమెంటరీ స్కూలు మాది. రెండు తాటాకు పాకలు, ఒక పెంకుల వరండా, అంతే. ఆ వరండా పక్క గదిలోనే హెడ్మాస్టారు, వాళ్ళ అమ్మగారు ఉండేవారు. ఆయన బేసిక్ ట్రైనింగు అయి వచ్చిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఖద్దరు తప్ప కట్టేవారు కాదు. చదువంటే పుస్తకం ఒక్కటే కాదు, చెయ్యీ బుద్ధీ మనసూ మూడూ కలిసి పెరగాలి అనేవారు. అందుకని పొద్దున్నే బడి మేమే ఊడ్చేవాళ్ళం. గోంగూర, బెండ మేమే పండించేవాళ్ళం. మధ్యాహ్నం గంటసేపు తకిలీ తిప్పి నూలు వడికేవాళ్ళం.

మాకొక మంత్రివర్గం కూడా ఉండేది. ఆరోగ్య మంత్రి అందరి గోళ్ళూ చూసేవాడు. తోట మంత్రి పాదులకి నీళ్ళు పోయించేవాడు. నేను నడవడి మంత్రిని. నా చేతిలో ఒక నోటుబుక్కు ఉండేది. శనివారం ప్రార్థన అయ్యాక ఎవరి తప్పు వాళ్ళే లేచి చెప్పుకోవాలి, నేను రాసుకోవాలి. నా తప్పులు నేను ఏరి కోరి చెప్పేదాన్ని. "ఈ వారం అమ్మ మీద ఒకసారి విసుక్కున్నానండి" లాంటివి. మాస్టారు మెచ్చుకోలుగా తల ఊపేవారు. పదమూడేళ్ళకే నేను ఎంత గడుసుదాన్నో చూడండి.

ఏదైనా తప్పు జరిగి, ఎవరూ ఒప్పుకోకపోతే మాస్టారు కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. అన్నం మానేసేవారు. పిల్లల్లో దోషం ఉందంటే అది నేర్పినవాడి దోషమే, శిక్ష కూడా వాడిదే అనేవారు. అంతకుముందు రెండుసార్లు అలా మానేశారు. రెండుసార్లూ పొద్దుగూకే లోపు ఎవరో ఒకరు వెక్కుతూ వచ్చి కాళ్ళ మీద పడ్డారు. ఊళ్ళో వాళ్ళు ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవారు.

మా తరగతిలో కొల్లేటి లంక నుంచి వచ్చే పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళది చేపలు పట్టుకు బతికే కుటుంబం. రోజూ వాళ్ళ నాన్న తాటి దోనెలో తెచ్చి రేవులో దింపి వెళ్ళేవాడు. నా పక్కనే కూర్చునేది. నన్ను "ఏమే" అనేది, నేనూ దాన్ని "ఏమే" అనేదాన్ని. లెక్కల్లో నాకంటే చురుకు. ఇక నూలు సంగతి చెప్పక్కర్లేదు. ఐదేళ్ళప్పటి నుంచి వలలకి ముళ్ళు వేసిన వేళ్ళవి. దూది ఏకు పట్టుకుంటే చాలు, పోగు సన్నగా, తెగకుండా వచ్చేది. నా నూలు అక్కడక్కడా ఉండలు కట్టి, అక్కడక్కడా పీలికలై ఉండేది.

ఆ ఏడు తాడేపల్లిగూడెంలో బడిపిల్లల చేతిపనుల ప్రదర్శన పెడతారని కబురొచ్చింది. ప్రతి బడి నుంచీ నూలు చుట్టిన మంచి చిలప ఒకటి, దాన్ని వడికిన పిల్ల వెళ్ళాలి. మాస్టారు ఆ పిల్ల చిలపని ఎండకి పట్టి అందరికీ చూపించారు. తరవాత పక్కనే నాది పట్టుకున్నారు. "తేడా చూడండి. ఇక్కడ మనసు నిలిచింది, ఇక్కడ నిలవలేదు" అన్నారు. ఎంతో శాంతంగానే అన్నారు. నడవడి మంత్రినైన నాకు ఆ శాంతమే కారం రాసినట్టయింది.

ఆ శనివారం బడి వదిలాక నేను బడి బీరువాలోంచి ఆ పిల్ల చిలప తీశాను. ఒక రాయికి చుట్టి, నా జడ రిబ్బను ఊడదీసి దాంతోనే కట్టి, రేవు దగ్గర నీళ్ళలోకి విసిరేశాను. రిబ్బనుతో ఎందుకు కట్టావంటే, చేతికి అందింది అదే. బుద్ధి ఉంటే ఆ పనే చెయ్యను కదా.

సోమవారం చిలప కనపడలేదు. మాస్టారు మమ్మల్నందరినీ వరండాలో కూర్చోబెట్టారు. "ఎవరికో చెప్పుకోవాలనే ఉంది, ధైర్యం చాలడం లేదు. వాళ్ళకి ధైర్యం వచ్చేదాకా నేను ఆగుతాను" అన్నారు. ఆ పూట నుంచే అన్నం మానేశారు.

మంగళవారం వాళ్ళ అమ్మగారు గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర కూలబడ్డారు. "ఎవరర్రా తీసింది? చెప్పండమ్మా, మీ కడుపులు చల్లగుండ. వాడికి కడుపులో పుండు ఉందర్రా" అన్నారు. మాస్టారు "అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు" అన్నారు. ఆవిడ వెళ్ళలేదు. పాఠం జరుగుతున్నంతసేపూ ఆవిడ మా మొహాల్లోకి ఒక్కొక్కరినీ చూస్తూనే ఉన్నారు. నా దగ్గర కాసేపు ఎక్కువ ఆగినట్టనిపించింది. అది నా భ్రమే కావచ్చు. కాని ఆ చూపు ఇప్పటికీ నా మీద ఉంది.

చెబుదామనే అనుకున్నాను. ప్రార్థన అయ్యాక చెబుదామనుకున్నాను. ప్రార్థన అయింది. గంట కొట్టాక అనుకున్నాను. గంటా కొట్టారు. చిన్న తప్పులు చెప్పడం నాకు బాగా అలవాటు, పెద్దది ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. పైగా నోటుబుక్కు నా దగ్గరే ఉంది. దొంగ అని నా పేరు నేనే ఎలా రాసుకోను?

బుధవారం మధ్యాహ్నం లెక్క చేస్తూండగా మాస్టారి చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. దాన్ని తియ్యడానికి వంగి, లేవలేక, బోర్డుకి ఆనుకుని కింద కూర్చుండిపోయారు. పెదవులు తెల్లగా పాలిపోయాయి. తరగతిలో చిన్నవాళ్ళు ఏడుపు లంకించుకున్నారు.

నా పక్కనుంచి ఆ పిల్ల లేచింది.

"నేనేనండి, మాస్టారండీ. మా నాన్న వల చిరిగిపోతే నా చిలప తీసికెళ్ళి దానికి కట్టేశానండి. బడి నూలని తెలిసే తీశానండి. ఇంక తినండి మాస్టారండీ."

ఒక్కరికీ అనుమానం రాలేదు. చేపలవాళ్ళ పిల్ల, వల చిరిగింది, నూలు తీసింది. అందరి మొహాల్లోనూ అంతేగా మరి అన్న నిమ్మళం కనిపించింది. నాకూ ఒక్క క్షణం నిజమే అనిపించింది. ఆ ఒక్క క్షణానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మాస్టారి అమ్మగారు నిమ్మరసం కలిపి తెచ్చారు. మాస్టారు ఆ గ్లాసు ఆ పిల్ల చేతికే ఇప్పించి, దాని చేతుల మీదుగా తాగారు. "ఇవాళ మీరంతా పుస్తకంలో లేని పాఠం చూశారు. నిజం ఎంత బలమైందో చూశారు" అన్నారు. తరవాత నా వైపు తిరిగి "రాయమ్మా" అన్నారు. నేను రాశాను. దాని పేరు, బడి నూలు సొంతానికి వాడుకొనుట, తానై ఒప్పుకొనుట. గుండ్రటి అక్షరాలు నావి, చేతిరాతకి ఎప్పుడూ ముందుండేదాన్ని. ఆ రోజు కూడా ఒక్క అక్షరం వంకర పోలేదు.

తాడేపల్లిగూడెం ఎవరూ వెళ్ళలేదు. అది పెద్ద సంగతి కాదు. అసలు సంగతి ఆ ఎండాకాలంలో వచ్చింది. ఎనిమిదో తరగతి అయ్యాక పై చదువుకి ఏలూరే గతి. ఆడపిల్లల హాస్టల్లో ఉచితంగా ఒక చోటు ఇస్తారంటే, మాస్టారే ఆ పిల్ల చేత కాగితం పెట్టించారు. వాళ్ళ నాన్న రేవులోనే నిలబడి చెప్పాడు. "సీటొస్తే పంపుతానండి బాబూ. రాకపోతే సంబంధం ఉందండి, చేసేస్తాను." ఆ కాగితంలో నడవడి గురించి హెడ్మాస్టారు రాయాల్సిన గడి ఒకటి ఉంది. మా మాస్టారు అబద్ధం రాయరు. నోటుబుక్కులో నేను రాసిందే అందులోకి ఎక్కించారు. చివర ఒప్పుకోలు సంగతి కూడా రాశారు, అదే ఆ పిల్లని కాపాడుతుందని మాకు చెప్పారు.

కొల్లేరు ఎండాకాలంలో వెనక్కి తగ్గుతుంది. రోజుకింత రోజుకింత నీళ్ళు తీసి, బురద తేలి, ఆ బురద నెర్రెలిచ్చి, నిన్న దోనె నడిచిన చోట ఇవాళ మనుషులు నడుస్తారు. ఆ ఏడు నేను రోజూ పొద్దున్నే రేవుకి పరిగెత్తేదాన్ని. నీళ్ళు తగ్గితే చిలప బయటపడుతుంది. బయటపడితే రిబ్బను ఎవరిదో తెలిసిపోతుంది. తెల్లగా కొంగ ఈక కనిపిస్తే చిలపేననుకుని ఆగేదాన్ని. ఎండిన నురగ కనిపించినా ఆగేదాన్ని. దొరక్కూడదని మొక్కుకుంటూనే, దొరికితే బాగుండునని కూడా అనుకునేదాన్ని. ఎవరైనా దాన్ని నా మొహాన కొడితే, నేను నోరు విప్పాల్సిన పని తప్పుతుందని ఆశ. ఎక్కడా దొరకలేదు.

జూన్లో మా నాన్న డబ్బు కట్టి నన్ను అదే హాస్టల్లో చేర్పించారు. గదిలో పదిమందిమి, వరసగా చాపలు. నా పక్కన ఒక చాప పట్టేంత చోటు ఖాళీగా ఉంది. వార్డెను "మీ ఊరి పిల్లకే అనుకున్నామమ్మా ఆ చోటు. నడవడి బాగులేదట, కమిటీవాళ్ళు ఒప్పుకోలేదు" అన్నారు. ఒప్పుకోలు దాకా వాళ్ళు చదివినట్టే లేదు. ఆ ఏడాదంతా ఆ చోటులోకి ఎవరూ రాలేదు. పెట్టె అడ్డం పెట్టుకోమని తోటి పిల్లలు చెప్పినా నేను పెట్టలేదు. తెల్లవారి కళ్ళు తెరవగానే ఆ ఖాళీ నేల కనపడేది. అది నాతో మాట్లాడితే భయమేసేది కాదేమో. ఏమీ అనేది కాదు, అలా ఉండేది.

దసరా సెలవులకి వస్తే వానలకి రోడ్డు మునిగింది. బస్సు దిగి దోనె కోసం చూస్తున్నాను. గెడకర్రతో దోనె తోసుకుంటూ వచ్చింది ఆ పిల్లే. మెడలో పసుపుతాడు.

"రండి, దాటిస్తాను. పెట్టె ఇలా ఇవ్వండి" అంది. కొత్తగా వచ్చిన ఆ మర్యాదకి నాకు తల కొట్టేసినట్టయింది.

నీళ్ళ మధ్యకి వచ్చాక ఇక ఆగలేకపోయాను. "ఆ చిలప నేనే తీశానే" అన్నాను.

"తెలుసండి. వేసవిలో నీళ్ళు తీసినప్పుడు నాకే దొరికింది. రిబ్బను మీదే కదా" అంది.

"మరి మాస్టారికి చెప్పలేదేం? అప్పటికింకా సీటు తేలలేదు కదా!"

అది గెడ ఆపి, ఇంత తెలియదా అన్నట్టు చూసింది. "చెబితే మళ్ళీ అన్నం మానేస్తారు కదండీ. ఈసారి ఎన్నాళ్ళు మానేస్తారో! ఆయన కడుపులో పుండు కదా."

రేవులో దిగి వెంటనే మాస్టారి దగ్గరికి పోవాల్సినదాన్ని, పోలేదు. ఆయన మళ్ళీ మానేస్తారన్న ఆ పిల్ల భయాన్నే నేనూ తొడుక్కున్నాను. నాకది బాగా సరిపోయింది. మరుసటేడు ఆయనకి పెంటపాడు వైపు బదిలీ అయింది. నేను స్కూలు ఫైనలు ప్యాసయి, టీచరు ట్రైనింగు కూడా పూర్తి చేశాను. రేపో మాపో నేనే పిల్లల ముందు నిలబడాలి. ఆ భయం తట్టుకోలేక, ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి పెంటపాడు వెళ్ళాను.

మాస్టారు జుట్టు నెరిసింది. నన్ను చూసి సంతోషపడ్డారు. నేను కూర్చోకుండానే, గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను. చిలప, రాయి, రిబ్బను, దోనెలో ఆ పిల్ల అన్న మాట. చెప్పి, తల వంచుకుని నిలబడ్డాను. కోప్పడతారని, లేదా ఆ పిల్ల భయపడ్డట్టు ఇక ముద్ద ముట్టనంటారని ఎదురుచూశాను.

ఆయన కోప్పడలేదు. నెమ్మదిగానే అన్నారు. "ఎవరు తీశారో తెలియదమ్మా నాకు. ఆ పిల్ల తియ్యలేదని మాత్రం అప్పుడే తెలుసు. తకిలీ నూలు వలకి ఆగదు. ఒక్క రోజు నీళ్ళలో లాగితే తెగిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆ పిల్లకి నాకంటే బాగా తెలుసు."

"మరి ఎందుకు తాగారండీ ఆ నిమ్మరసం?"

"ఆకలేసిందమ్మా" అన్నారు.

"మరి ఆ కాగితంలో..."

"అది రాయకపోతే, అబద్ధమని తెలిసే దీక్ష విడిచానని నేను ఒప్పుకున్నట్టే కదా" అన్నారు.

లోపలి నుంచి వాళ్ళ అమ్మగారు "విస్తళ్ళు వేశాను, లేవండి" అని పిలిచారు. మాస్టారు నా వైపు చూడకుండా లేచి చేతులు కడుక్కున్నారు. నేనూ కడుక్కున్నాను. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ. ఆ పిల్ల ఎవరు అన్నం మానేస్తారని భయపడి తన చదువు వదులుకుందో ఆయన, ఎవరి వల్ల వదులుకుందో నేను, ఆ రోజు ఎదురెదురుగా కూర్చుని కడుపునిండా తిన్నాం.