అంతరిక్షానికి వెళ్ళిన నలుగురు అక్కచెల్లెళ్ళు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు. కానీ అశోక్‌నగర్‌లో ఆరేళ్ళంటే ఒక యుగం. సర్కారు కొలువు నోటిఫికేషన్ కోసం అక్కడ ఎదురుచూసే ఎవరినైనా అడగండి, చెప్తారు. అప్పుడు నాకు ఇరవై మూడు. చిక్కడపల్లిలో మా నాన్న ముప్పై ఏళ్ళుగా ఒకే ఆఫీసుకు వెళ్ళి ఒకే కుర్చీలో కూర్చునేవాడు (కుర్చీ అల్లిక రెండుసార్లు మార్చారు, ఆయన్ను మార్చలేదు). ఆయన ఏకైక కొడుకునైన నేను మాత్రం ఏడాదిలో మూడు కొలువులు వదిలి, నాలుగోదిగా ఒక కోచింగ్ సెంటర్లో పోటీ పరీక్షల ప్రశ్నలు, అంటే బిట్లు, తయారుచేసే పనిలో కుదిరాను. "ఇదన్న నాలుగు నెల్లు చేస్తవారా?" అని అమ్మ రోజూ ఉప్మాతో పాటు వడ్డించేది.

సెంటర్ నడిపే ఆయన్ని బిట్ల సార్ అనేవాళ్ళం. ఎంత గొప్ప జీవితమైనా ఆయన చేతిలో పడితే నాలుగు ఆప్షన్లయిపోయేది. ఒకరోజు ఒక విదేశీ మహిళా వ్యోమగామి గురించి నాలుగు పేపర్ కటింగులిచ్చి, "సాయంత్రం లోపల మన బిట్ల పుస్తకంల ఈ పేజీ నారాయణగూడ ప్రెస్సుకు పోవాలె" అన్నాడు. ఒకదాంట్లో ఆమె రసాయన శాస్త్రవేత్త. రెండోదాంట్లో డాక్టరు. మూడోదాంట్లో విమానం నడుపుతోంది. నాలుగోదాంట్లో అంతరిక్షానికి వెళ్ళొచ్చి పాఠాలు చెప్తోంది. అన్నిట్లో ఉన్నది ఇంటిపేరే, అదీ ఒకటే. ఒక్క మనిషి ఇన్ని పనులు మారుస్తుంటే వాళ్ళమ్మ ఊరుకుంటుందా అని నా అనుభవం కొద్దీ ఆలోచించి, వాళ్ళను నలుగురు అక్కచెల్లెళ్ళను చేసేశాను. పెద్దామెకు రసాయనాలు, చిన్నామెకు అంతరిక్షం. పుట్టిన తేదీలు మాత్రం కటింగుల్లో ఉన్నవి ఉన్నట్టే దించాను.

అదే బల్ల దగ్గర, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి మా సెంటర్లో చదువుకోవడానికి వచ్చిన ఒక అక్క కూర్చునుంది. వచ్చే వారం ఆమెకు సర్కారు కొలువు ఇంటర్వ్యూ. అమ్మానాన్నలతో బిల్డింగు పనుల్లో తట్టలు మోసింది, తర్వాత ఆస్పత్రిలో నర్సు, ఆపైన ఒక ఆఫీసులో కంప్యూటర్ పని. "మూడు రాస్తే నిలకడ లేదంటరమ్మా, ఆఫీసు పనొక్కటే రాయి" అన్నాడట సార్. నా చేతిరాత బాగుంటుందని తన వివరాల కాగితం నాతో రాయిస్తోంది. నేను రాస్తుంటే ఊరికే కూర్చోలేక నా పేజీ అందుకుంది.

"తమ్మీ, ఈ నలుగురు ఒక్క దినమే పుట్టిన్రా?"

"కవలలేమో అక్కా."

"నలుగురా?"

"ఫారిన్ గద."

"ఫారినైతే ఏంది, కనేది తల్లే గద." కటింగులన్నీ ముందేసుకుని చదివింది. "ఒక్కామెనే తమ్మీ. అన్ని ఆమెనే చేసింది."

కటింగులు పక్కన పెట్టి, నేను రాస్తున్న తన కాగితం మీద వేలు పెట్టింది. "ఆ రెండు గూడ రాయి."

"సార్ తిడ్తడు."

"తిట్టనీ. తట్టలు మోసింది నేనే, సూదులేసింది నేనే. నన్ను మూడు ముక్కలు జేసి ఒక్క ముక్కనే లోపలికి పంపుతవా?"

మళ్ళీ మొదట్నుంచి రాశాను. అంత అందంగా నా పెళ్ళిపత్రిక కూడా రాయను. ఆ శ్రద్ధలో పడి, టైమైపోయిందని నా పేజీ దిద్దకుండానే ప్రెస్సుకు పరిగెత్తాను. నలుగురు అక్కచెల్లెళ్ళూ అచ్చయిపోయారు.

బిట్ల సార్ పుస్తకం తిరగేసి, "వీళ్ళకు అన్నదమ్ములు లేరారా?" అని అడిగాడు. లేరన్నాను. "రేపట్నుంచి రాకు" అన్నాడు. అమ్మ అడిగిన నాలుగు నెలలకు పదకొండు రోజులు తక్కువ.

అక్కను ఇంటర్వ్యూలో ఆ మూడు కొలువుల గురించే అడిగారట. తట్టల నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పిందట. ఇప్పుడామె ఆఫీసరు, బల్ల సొరుగులో ఆ తప్పుల పుస్తకం ఉంటుంది, వెళ్ళినప్పుడల్లా తీసి చూపిస్తుంది.

నేను ప్రస్తుతం ఏడో కొలువులో ఉన్నాను. మొన్న ఒక పెళ్ళిలో పిన్ని అడిగింది: "ఇప్పుడేం చేస్తున్నవ్‌రా?"

"మేం ఏడుగురం పిన్నీ. ఎవరి సంగతి అడుగుతున్నవ్?" అన్నాను.

పిన్నికి అర్థం కాలేదు. ఆ ఇరవై మూడేళ్ళవాడు పక్కనుంటే బాగుండేది, వాడికి కాస్త ధైర్యం వచ్చేది.