మా అవ్వ కోపం, గుండీ అనే తాబేలు

మా అవ్వ ఈదమ్మ తిట్టడం మొదలుపెడితే తాబేలు కూడా బస్సు కంటే ముందు మహబూబ్‌నగర్ చేరుకుంటుంది. నమ్మకపోతే మక్తల్‌లో మా వాడకట్టుకు వచ్చి అడగండి. చెవుల్లో దూది పెట్టుకొని రండి.

వయసులో ఉన్నప్పుడు అవ్వ పని బావులు తవ్వడం. తాత అడుగున గడ్డపారతో పొడిస్తే, అవ్వ మట్టి తట్టలు పైకి మోసేది. అలా పదకొండు బావులు. నీళ్లు పడిన రోజున వాగు నుంచి ఒక తాబేలును తెచ్చి బావిలో వదిలేవారట. పురుగునూ పాచినీ తిని నీళ్లను అదే శుభ్రంగా ఉంచుతుందని నమ్మకం.

"మా బాయిల తొంగిసూస్తే మొకం అగుపడేది. నీ నల్లా నీళ్లల్ల ఏం అగుపడతది?" అని కొళాయి నీళ్లు తాగే నన్ను ఎన్నిసార్లు వెక్కిరించిందో లెక్కలేదు.

ఆ మాటే కొంప ముంచింది.

మహబూబ్‌నగర్‌లో రంగు చేపలు అమ్మే దుకాణం నుంచి మా చెల్లె రూపకు ఒక తాబేలు పిల్లను తెచ్చాను. అంగీ గుండీ అంత ఉండేది. "ఎన్నడైనా గింతే ఉంటది," అన్నాడు దుకాణం నడిపే కృష్ణకాంత్. రూప దానికి గుండీ అనే పేరు పెట్టింది. రెండేళ్లు తిరిగేసరికి గుండీ జొన్నరొట్టె అంత అయింది. టబ్బు చాలలేదు. ఎంత కడిగినా నీచు వాసన పోలేదు.

"ఇంట్ల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె," అని అవ్వ లేచింది.

అవ్వను ఎక్కడా దాచలేం కాబట్టి గుండీని తీసుకెళ్లి, తాగే నీళ్లు నింపుకునే నేల తొట్టి, అదే మా సంపులో వేశాను. బావికి మంచిదైనది సంపుకు చెడ్డదవుతుందా అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు; రూప అడిగితే గుండీ ఊరికి పోయిందన్నాను.

పది రోజులకు రూపకు వాంతులు, విరేచనాలు, జ్వరం. ఆరేళ్ల పిల్ల దవాఖానలో సెలైన్ సీసా కింద వడలిపోయి పడుకుంది. ఏ నీళ్లు తాగుతున్నారని డాక్టరమ్మ అడిగితే నిజం చెప్పక తప్పలేదు.

"తాబేలు ఒంటి మీద రోగక్రిములుంటాయి. దానికేమీ కాదు, చిన్నపిల్లలకే ప్రమాదం. ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడగాలి. దాన్ని తాగే నీళ్లలో వేస్తారా ఎవరైనా?" అన్నదామె.

అవ్వ నన్ను కొడుతుందనుకున్నాను. మంచం పట్టె పట్టుకొని, "పదకొండు బాయిలల్ల ఏసినం గదమ్మా," అన్నది మెల్లగా. "పిల్లలు కక్కుకొని పారుకుంటే ఎండదెబ్బ అనుకుంటిమి."

ఆ తర్వాత కొట్టింది.

నాలుగో రోజు రూప గంజి తాగింది. ఇంటికి రాగానే "నా గుండీ ఏది?" అని ఏడుపు. అది ఇంట్లో ఉన్నంతకాలం ఆ పిల్ల చెయ్యి దాని మీదే ఉంటుంది. అవ్వ నన్ను సంపులోకి దింపి, గుండీని తీయించి బకెట్లో వేసింది.

"చెరువుల ఇడిసిపెడదామవ్వా," అన్నాను.

"మనింటి రోగాన్ని ఊరి చెరువుల కలుపుతవార? అమ్మినోని మొకానే కొడత, పా!"

బస్సులో నన్నూ, కండక్టరునూ, తాబేలునూ వంతులవారీగా తిట్టింది. గుండీ తల లోపలికి లాక్కుంది. నాకు ఆ వీలు కూడా లేదు.

"అమ్మినంక వాపస్ తీసుకోమవ్వా," అన్నాడు కృష్ణకాంత్.

"గుండీ అంతనే ఉంటదంటివట. గిది నీ అంగికి కుట్టుకో, నేను సూస్త."

"పెంచే తెలివి మీకుండాలె."

"ఆ తెలివేందో అమ్మిననాడు చెప్తే నీ నోట్ల ముత్యాలు రాలుతుండెనా?"

దుకాణం మెట్ల మీదే బకెట్ పెట్టుకొని కూర్చుంది. పిల్లలతో వచ్చిన ప్రతివారికీ, "తాబేలు కొంటవా బిడ్డా? కొను, కొను. పిల్లల దవాఖాన గా మూలమీదనే ఉన్నది," అని దారి చూపించింది. మూడో బేరం వెనుదిరిగాక కృష్ణకాంత్ దండం పెట్టి బకెట్ అందుకున్నాడు.

"బకెట్ నాది, తాబేలే నీది. ఇరుకు డబ్బల ఏసినవనుకో, మల్ల వస్త," అన్నది. అతను గుండీని పెద్ద తొట్టిలో వదిలేదాకా అక్కడి నుంచి కదలలేదు.

రూప ఇప్పుడు గంతులేస్తోంది. నాకు మాత్రం ప్రతి ఆదివారం సంపు కడిగే శిక్ష పడింది. ఇదంతా రాసి అవ్వకు చదివి వినిపించాను.

"చివరికి ఏం రాయమంటవవ్వా? తాబేలు ఇంట్ల పెంచుకునేదా, కాదా?"

"రాసింది సాలు. సంపు మూలకు ఇంకా పాచున్నది, దిగు."